గుర్రు ఆగినప్పుడు

సంక్రాంతికి మా ఇంట్లో గొడవ కోడిపందేల గురించి కాదు. నాన్నగారి పక్క గదిలో ఎవరు పడుకోవాలన్న దాని గురించి.

కోనసీమలో కొత్తపేట దగ్గర మా ఊరు. పండక్కి బాబాయిలు, అత్తలు, వాళ్ళ పిల్లలు కలిపి ఇరవై మంది దిగుతారు. రాత్రి పది దాటిందంటే చాపలు, దిండ్లు పట్టుకుని అందరూ ఒకటే పరుగు. నాన్నగారికి ఎంత దూరంగా చోటు దొరికితే అంత అదృష్టం. ఆయన గుర్రు మీద మా ఇంట్లో ఉన్నన్ని జోకులు ఏ కామెడీ షోలోనూ ఉండవు. రైస్ మిల్లు అంటాడు చిన్న బాబాయి. జొన్నాడ బ్రిడ్జి ఎక్కుతున్న ఇసుక లారీ అంటుంది అత్త. మా కజిన్ ఒకడు దాన్ని రికార్డ్ చేసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే నలభై స్మైలీలు వచ్చాయి. నాన్నగారూ నవ్వేవారు. "కష్టపడినోడికేరా అలాంటి నిద్ర. మీకు ఫోన్లు పట్టుకుని పడుకుంటే ఎక్కడొస్తుంది?" అనేవారు.

నేనూ అదే నమ్మాను. గుర్రు పెట్టి పడుకున్నాడంటే హాయిగా పడుకున్నాడనే కదా మన భాషలో అర్థం.

కిందటేడు కనుమ రాత్రి నాకు ఆన్‌కాల్ డ్యూటీ. అమెరికా క్లయింటుకి పండగలేం తెలుస్తాయి? వీధి అరుగు మీద సిగ్నల్ బాగుంటుందని అక్కడే లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంటన్నర. ఊరంతా నిశ్శబ్దం, లోపల నుంచి నాన్నగారి రైస్ మిల్లు. కాసేపటికి అదీ అలవాటైపోయింది, ఏసీ చప్పుడులాగా. ఉన్నట్టుండి ఆగింది.

సర్వర్ ఫ్యాన్ ఆగిపోతే ఎలా ఉలిక్కిపడతామో అలా తలెత్తాను. ఏ శబ్దం లేదు. ఇంకా లేదు. నేను లేచి నిలబడేసరికి, గోదాట్లో మునిగినవాడు పైకి తేలినప్పుడు పీల్చినట్టు ఒక పెద్ద పీల్పు. మళ్ళీ గుర్రు మొదలు.

గదిలోకి వెళ్ళి చూస్తే చీకట్లో అమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

"పడుకోలేదా?"

"లెక్కపెడుతున్నాన్రా. ముప్పై దాకా చూస్తాను. అప్పటికీ లేవకపోతే మోచేత్తో పొడుస్తాను."

అదేదో పాలు పొంగకుండా చూసుకుంటున్నాను అన్నంత మామూలుగా చెప్పింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. "నీ ఇంజనీరింగ్ సెకండియర్ నుంచి" అంది. అంటే ఎనిమిదేళ్ళు. మేం జోకులేసుకుంటూ ముసుగుతన్నిన ప్రతి పండక్కీ మా అమ్మ చీకట్లో ఒకటి నుంచి ముప్పై దాకా లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎవరికైనా ఎందుకు చెప్పలేదంటే, "అందరూ నవ్వుతున్నారు కదా, పెద్ద విషయం కాదేమో అనుకున్నాను" అంది. ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

మర్నాడు రాత్రి ఫోన్ ఆయన దిండు పక్కన పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాను. పొద్దున్న ఆ ఆడియోని వేవ్‌ఫామ్‌లో తెరిచాను. మా పని అదే కదా, లాగ్‌లో ఎక్కడ గ్యాప్ ఉందో వెతకడం. గుర్రు ఉన్నచోట గీతలు దట్టంగా ఉన్నాయి, ఆగిన చోట సమంగా ఒకే గీత. ఒక గంట ముక్క తీసుకుని లెక్కపెడితే పది సెకన్లు దాటిన గ్యాపులు ముప్పై ఒకటి. అన్నిట్లోకీ పెద్దది నలభై రెండు సెకన్లు. ఒకసారి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి నలభై రెండు సెకన్లు ఊపిరి బిగబట్టి చూడండి. నేను చూశాను, చివరి పది సెకన్లు నరకం.

దీని పేరు స్లీప్ ఆప్నియా. లోపల జరిగేది అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. కొబ్బరిబొండం తాగేటప్పుడు మెత్తటి స్ట్రా వస్తే, గట్టిగా పీల్చగానే గోడలు అతుక్కుపోతాయి చూడండి, అదే. నిద్రలో గొంతు కండరాలు వదులైపోతాయి. వయసు పెరిగేకొద్దీ ఇంకా వదులు. మెడ చుట్టూ కొవ్వు ఉంటే ఆ బరువు అదనం. గాలి దారి ఇరుకైతే చుట్టూ ఉన్న మెత్తటి భాగాలు అదిరి శబ్దం వస్తుంది, అది గుర్రు. దారి పూర్తిగా మూసుకుపోతే శబ్దమే ఉండదు. ఛాతీ లాగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయాక మెదడు అలారం కొట్టి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ తెల్లారి గుర్తుండదు. రాత్రికి రెండొందల సార్లు లేచిన మనిషి పొద్దున్నే "బ్రహ్మాండంగా పడుకున్నాను" అంటాడు.

అంటే మేం ఇన్నాళ్ళూ తిట్టుకున్నది గాలి ఆడుతున్న శబ్దాన్ని. హమ్మయ్య కాసేపు ఆపాడు అనుకున్నది గాలి ఆడని టైముని.

నాన్నగారిని డాక్టరు దగ్గరికి రమ్మంటే మాత్రం ససేమిరా. "గుర్రుకి డాక్టరేంట్రా, నవ్వుతారు" అన్నారు. ఆయన్ని కదిలించింది నేను కాదు, బప్పి లహరి. నాన్నగారు 'గ్యాంగ్ లీడర్' తరం మనిషి. 1991లో ఆ పాటలకి మా ఊళ్ళో కుర్రాళ్ళు స్టెప్పులేసిన కథ ఇప్పటికి వంద సార్లు విన్నాను. ఆ పాటలకీ, అంతకుముందు 'సింహాసనం' పాటలకీ సంగీతం ఇచ్చింది బప్పి లహరే. ఆయన 2022 ఫిబ్రవరి 15న ముంబైలో చనిపోయారు, 69 ఏళ్ళు. కారణం ఈ అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియానే అని ఆయనకి వైద్యం చేసిన డాక్టర్లు చెప్పారు. ఆ వార్త ఫోన్లో చూపించాను. నాన్నగారు చాలాసేపు చదివి, "గొలుసులాయనా?" అన్నారు. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైపోయారు.

దారిలో కారులో ఒక పరీక్ష పెట్టాను. స్టాప్ బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నలు, అవును కాదు అని చెబితే చాలు. కెనడాలో టొరంటో డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు రోగుల్ని చూసుకోవడానికి తయారుచేశారు, 2008లో బయటికొచ్చింది. గట్టిగా గుర్రు పెడతారా? పగలు అలసటగా ఉంటుందా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా? బీఎంఐ 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? మూడు అవునులు వస్తే అనుమానించాలి, ఐదు వస్తే గట్టిగా. మెడ కొలవడానికి అమ్మ తన కుట్టుమిషన్ టేపు తెచ్చింది. 44. మొత్తం ఎనిమిదికి ఏడు. ఇంజనీరింగ్‌లో నాకు ఏ సెమిస్టర్లోనూ రాని మార్కులు.

రాజమండ్రిలో ఈఎన్‌టీ డాక్టరు గారు పెద్దగా హడావిడి చేయని మనిషి. ముక్కు, గొంతు చూశారు. రాత్రి బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేస్తారని అడిగారు. నాలుగు సార్లు. షుగరు లేదు, ప్రోస్టేట్ పరీక్ష కూడా బాగానే వచ్చింది, అయినా లేస్తారు. ఆప్నియాలో అదీ ఒక లక్షణమేనట. రెండు బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగకపోవడం కూడా. మేం వీటన్నిటికీ వేరే వేరే డాక్టర్ల దగ్గర వేరే వేరే ఫైళ్ళు పెట్టుకున్నాం.

అప్పుడు ఆయన అడిగారు: "బండి నడుపుతూ ఎప్పుడైనా కునుకు పట్టిందాండీ?"

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు, కార్తీకమాసంలో, నాన్నగారు మోటార్‌సైకిల్ మీద నుంచి పడ్డారు. మా ఊరి రోడ్డు కాలవ గట్టు మీదే ఉంటుంది. ఒక పక్క ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నిండుగా, ఇంకో పక్క వరి చేలు. సాయంత్రం నాలుగింటికి, మిట్ట వెలుగులో, బండి చేలోకి దిగిపోయింది. మోకాలు చెక్కుకుపోయింది, భుజం వాచింది. "గేదె అడ్డొచ్చింది" అని చెప్పారు. గేదె ఎవరిదో కనుక్కుని వాడిని నాలుగు తిట్టి రావాలని బాబాయి కూడా బయల్దేరాడు.

డాక్టరు గారి ప్రశ్నకి నాన్నగారు కాసేపు టేబుల్ మీద ఉన్న ప్లాస్టిక్ గొంతు బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత అమ్మ వైపు చూడకుండా చెప్పారు.

"ఆయ్. మొన్న పడ్డానండి. గేదె లేదు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. బండి కుడివైపు కాకుండా ఎడమవైపు తిరిగింది కాబట్టి ఆ కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నారు. కుడివైపు కాలవ.

తిరుగు ప్రయాణంలో కడియపులంక నర్సరీల దగ్గర ఆగుదామని అమ్మ అనలేదు. అటు వెళ్ళి మొక్క కొనకుండా ఆవిడ రావడం నేను చూసింది అదొక్కసారే.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చన్నారు. ఛాతీకి ఒక పట్టీ, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు, ఒక్క రాత్రి. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క వస్తుంది. ఐదు లోపు ఉంటే ఫర్వాలేదు. 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం. నాన్నగారిది 34. నా ఫోన్ లెక్క పెద్దగా తప్పలేదు, కానీ దయచేసి ఫోన్ లెక్కతో ఆగిపోకండి. ఆక్సిజన్ ఎంత పడిందో ఫోన్‌కి తెలీదు.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. ఇంట్లో చేసుకునేవి ఏమైనా ఉన్నాయా అని. ఉన్నాయి. అన్నీ చేశాం, కొన్ని పిచ్చివి కూడా.

పిచ్చివి ముందు చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో 199 రూపాయలకి ముక్కుకి పెట్టుకునే అయస్కాంతం క్లిప్పు కొన్నాను. దానివల్ల ఒక లాభం వచ్చింది, మా మేనకోడలికి ఆడుకోవడానికి బొమ్మ దొరికింది. రీల్స్‌లో చూసి నోటికి టేప్ వేద్దామా అని డాక్టరు గారిని అడిగితే ఆయన నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. ముక్కు మూసుకుపోయి, ఊపిరి ఆగే జబ్బున్న మనిషికి నోరు కూడా మూసేస్తావా బాబూ అన్నారు. నిద్రమాత్రల సంగతీ అంతే. పగలు తూగుతున్నారంటే రాత్రి నిద్ర చాలట్లేదని ఎవరో చెబితే అమ్మ ఒక మాత్ర తెప్పించి పెట్టింది. అవి కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి, మెదడు కొట్టే అలారాన్ని కూడా మొద్దుబారుస్తాయి. డాక్టరు చెప్పకుండా ఇలాంటివాళ్ళకి అవి ఇవ్వకూడదు.

పనికొచ్చిన వాటిల్లో మొదటిది పక్కకి తిరిగి పడుకోవడం. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి దారికి అడ్డం పడుతుంది. కానీ నిద్రలో మనిషి తిరగకుండా ఆపేదెవరు? బనీను వెనక వీపు మధ్యలో జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్న పాత చిట్కా. అమ్మ నాలుగు బనీన్లకి జేబులు కుట్టింది. మొదటి రాత్రి నాన్నగారు ఆ బంతి తీసి కిటికీలోంచి విసిరేశారు. రెండో రాత్రి జేబుకి హుక్కులు పెట్టింది. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టాం, దానివల్ల కూడా కొంత తేడా వచ్చింది. ముక్కు దిబ్బడకి పడుకునేముందు ఉప్పునీటి చుక్కలు. కోతల సమయంలో దుమ్ముకి ఆయనకి ముక్కు పూర్తిగా మూసుకుపోతుంది, అప్పుడు ఇవి బాగా ఉపయోగపడతాయి.

కష్టమైంది సాయంత్రం బ్యాచ్. చెరువు గట్టు మీద నలుగురు స్నేహితులు, "రెండే రెండు" పెగ్గులు, పది దాటాక ఇంటికొచ్చి రొయ్యల ఇగురుతో నిండా అన్నం, వెంటనే పడక. మందు గొంతు కండరాల మీద చేసే పని నిద్రమాత్ర చేసేలాంటిదే. పడుకునే ముందు మూడు నాలుగు గంటల్లో అది ఉండకూడదు. నాన్నగారు పూర్తిగా మానలేదు, అబద్ధం ఎందుకు. వారానికి ఒక రోజుకి తగ్గించారు, ఆ రోజూ ఆరింటికే కూర్చుని ఎనిమిదింటికి లేస్తున్నారు. స్నేహితులు మొదట్లో వెక్కిరించారు. తర్వాత వాళ్ళలో ఒకాయన చాటుగా నాకు ఫోన్ చేసి ఆ ఎనిమిది ప్రశ్నలు పంపించమన్నాడు.

బరువు 88 కిలోలు. అమెరికాలో విస్కాన్సిన్‌లో 690 మందిని నాలుగేళ్ళు గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు పదో వంతు తగ్గితే ఊపిరి ఆగడాలు నాలుగో వంతుకి పైగా తగ్గినట్టు తేలింది. పదో వంతు పెరిగితే అంతకన్నా ఎక్కువ పెరిగాయి. నాన్నగారు ఏడు నెలల్లో ఏడు కిలోలు తగ్గారు. రాత్రి అన్నం ఏడున్నరకి, పొద్దున్న గట్టు మీద నడక, మధ్యాహ్నం నిద్ర అరగంట దాటకుండా అలారం. ఆ మధ్యాహ్నం నిద్ర మూడు గంటలు లాగితే రాత్రి పన్నెండు దాకా నిద్ర రాదు. వయసు మీద పడేకొద్దీ నిద్ర ఎలాగూ తేలికవుతుంది, తెల్లారుజామునే తెలివొచ్చేస్తుంది. దాన్ని పగలే ఖర్చుపెట్టేస్తే రాత్రికి ఏముంటుంది?

ఇంకో విచిత్రం. ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి బూర డిడ్జరిడూ ఉంది చూడండి, దాన్ని నాలుగు నెలలు ఊదిస్తే ఓ మాదిరి ఆప్నియా ఉన్నవాళ్ళకి తగ్గిందని స్విట్జర్లాండ్ వాళ్ళు 2006లో తేల్చారు. గొంతు కండరాలు గట్టిపడతాయట. 2017లో ఇగ్ నోబెల్ ఇచ్చి నవ్వారు కూడా. ఈ సంగతి చెబితే నాన్నగారు "మన సన్నాయి మేళం వాళ్ళని అడుగుదాం, రోజూ గంట ఊదుతాను" అన్నారు. అమ్మ వద్దంది. గుర్రు నయం అంది.

ఇవన్నీ మామూలు గుర్రుకి, స్వల్పంగా ఉన్నవాళ్ళకి సరిపోవచ్చు. 34 ఉన్న మనిషికి చాలవని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. సీపాప్ మిషన్ కావాలి. ముక్కుకి మాస్కు, దానికో గొట్టం, చిన్న డబ్బా. అది రాత్రంతా కొంచెం ఒత్తిడితో గాలి పంపి ఆ మెత్తటి స్ట్రా గోడలు అతుక్కోకుండా తెరిచి ఉంచుతుంది, అంతే. సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదలుపెట్టి 1981లో ప్రకటించిన ఆలోచన. నలభై ఏళ్ళు దాటినా దీన్ని మించింది రాలేదు. మాకు నలభై వేల పైన పడింది. కొత్త ఫోన్ కొందామని దాచిన డబ్బులు. నా పాత ఫోన్ బాగానే పనిచేస్తోంది.

అలవాటు కావడానికి ఆయనకి నెల పట్టింది. మొదటి వారం మాస్కు అర్ధరాత్రి ఊడబీకేసేవారు. మా మేనకోడలు చూసి "తాతయ్యా, రాకెట్ ఎక్కుతున్నావా?" అంది. మాస్కు సైజు మార్చాం, ముక్కు మీద ఒరుసుకోవడం ఆగింది. మా కోనసీమలో గాలివానొస్తే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు కాబట్టి ఇన్వర్టర్ లైను ఆ మంచం దగ్గరికి లాగించాం. ఐదో వారం ఒకరోజు పొద్దున్న నాన్నగారు పేపరు మొత్తం చదివేశారు. చివరి పేజీ దాకా, తూగకుండా. అమ్మ ఫోన్ చేసి ఆ మాట చెప్పి ఏడ్చింది. తర్వాత బీపీ మాత్ర ఒకటి డాక్టరు గారు తగ్గించారు. మోటార్‌సైకిల్ తాళం మాత్రం మూడు నెలలు అమ్మ కొంగుకే ఉంది.

ఒకటి మాత్రం మేమెవరం ఊహించలేదు. గుర్రు ఆగిపోయాక అమ్మకి నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్ళు నిశ్శబ్దం అంటే ప్రమాదం అని నేర్చుకున్న చెవులవి. ఇప్పుడు రాత్రంతా నిశ్శబ్దమే. గంటకోసారి లేచి ఆయన పొట్ట మీద చెయ్యి వేసి చూసేదట. డాక్టరు గారు మూడో నెల చెకప్‌లో ఆవిడనీ కూర్చోబెట్టి ఆ ప్రశ్నలు అడిగారు. ముట్లుడిగాక ఆడవాళ్ళకీ ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది, వాళ్ళు గుర్రు గురించి కాకుండా నీరసం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి అని చెబుతారు కాబట్టి చాలాసార్లు ఎవరూ పట్టించుకోరు అన్నారు. అమ్మకి అప్పుడు రెండే వచ్చాయి. వయసు ఒకటి, అలసట ఒకటి. ఆ అలసటకి కారణం ఎవరో తెలుసు కదా అని నాన్నగారి వైపు చూశారు డాక్టరు గారు.

పోయిన ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఫోన్ నాన్నగారు ఎత్తారు.

"మెల్లగా మాట్లాడరా. మీ అమ్మ ఇంకా లేవలేదు. పాలబ్బాయి వస్తే నేనే గిన్నె పట్టుకెళ్ళాను."

నాలుగింటికే లేచి వాకిలి ఊడ్చే మనిషి. ఒంట్లో బాలేదా అని కంగారుపడ్డాను.

"బానే ఉంది. ఇంకో సంగతి." గొంతు ఇంకా తగ్గించారు. "మీ అమ్మ కూడా చిన్నగా గుర్రు పెడుతోందిరా."

"ఆగుతోందా?"

"లేదు. అరగంట నుంచీ కూర్చుని లెక్కపెడుతున్నాను."